పుస్తకం తీస్తే పిల్లలు పారిపోతున్నారా? ‘ఊ’ కొట్టించిన మన పెద్దల ముచ్చట

పిల్లలకు రోజూ ఒక పుస్తకం చదివి వినిపించాలని మనలో చాలామందికి ఉంటుంది. మొదలుపెడతాం కూడా. రెండో పేజీకి చిన్నది చాప అంచు పీకుతుంటుంది. పెద్దోడికి అప్పుడే దాహం వేస్తుంది. నాలుగో పేజీకి ఇద్దరిలో ఒకరు ఫోన్ ఎక్కడుందా అని చూస్తుంటారు. మూడు రోజులు చూసి మనమే విసిగి పుస్తకం అలమరలో పెట్టేస్తాం. "మా పిల్లలకు వినే ఓపిక లేదు వదినా" అన్న మాట బతుకమ్మ ఆడే దగ్గర విన్నాను, బడి గేటు దగ్గర విన్నాను, మా సోమశిల రేవు దగ్గర చేపలు కొనేటప్పుడు కూడా విన్నాను.

నాకు మాత్రం ఒక సందేహం. వినే ఓపిక అనేది పుట్టుకతో వచ్చేదేనా, లేక చదివేవాళ్ళు తెప్పించేదా? మన పాలమూరు సీమ చరిత్ర చూస్తే రెండోదే నిజమనిపిస్తుంది. పగలంతా చేలో నడుము వంచి వచ్చిన మనిషిని రాత్రి గుడి అరుగు మీద కూర్చోబెట్టి, అర్ధరాత్రి దాకా రామాయణమో భాగవతమో వినిపించిన వాళ్ళు మన ఊళ్ళలో ఉండేవారు. వాళ్ళకు ఫోన్‌తో పోటీ లేకపోవచ్చు, కానీ నిద్రతో పోటీ ఉంది. అలసిన ఒంటికి నిద్రకన్నా తియ్యనిది ఏముంటుంది? అయినా గెలిచారు. ఎలా గెలిచారో తెలుసుకుంటే ఆ ఉపాయాలు మన ఇంటి చాప మీద కూడా పనికొస్తాయి. ఈ ముచ్చట అందుకే.

ఒకరు చదివితే ఒకరు చెప్పేవారు

1900 ప్రాంతాల్లో నిజాం రాజ్యంలో చదవడం వచ్చినవాళ్ళు నూటికి ముగ్గురు నలుగురికి మించి లేరు. అందులో ఆడవాళ్ళ లెక్క చెప్పుకోకపోవడమే మంచిది. అయినా రాముడు అడవికి ఎందుకు వెళ్ళాడో, గజేంద్రుడిని ఎవరు కాపాడారో తెలియని ఇల్లు లేదు. పుస్తకం ఒక్కరి చేతిలోనే ఉన్నా కథ అందరి చెవుల్లోనూ ఉంది. ఆ రోజుల్లో చదవడమంటే పైకి చదవడమే. పదిమంది కోసం చదవడమే.

దాన్ని పురాణ కాలక్షేపం అనేవారు. చాలాచోట్ల ఇద్దరు కూర్చునేవారు. ఒకరు పద్యం రాగయుక్తంగా చదివితే, రెండోవారు దాన్ని వాడుక మాటల్లో విప్పి చెప్పేవారు. విప్పేటప్పుడు ఊరి సంగతులు కూడా కలిసేవి. ద్రౌపదీ స్వయంవరం వస్తే మన ఊరి పెళ్ళి విందు గుర్తుచేసేవారు, అడవి వస్తే నల్లమల చెట్ల పేర్లు చెప్పేవారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా అక్షరం పొల్లుపోకుండా చదివి ఊరుకుంటే ఎవరూ కూర్చోరని వాళ్ళకు తెలుసు. వినేవాడికి తెలిసిన లోకానికీ పుస్తకంలోని లోకానికీ మధ్య ఒక వంతెన వెయ్యాలి. రెండో మనిషి పని అదే.

మనం పిల్లలకు చదివేటప్పుడు ఈ ఇద్దరి పనీ మనమే చెయ్యాలి. రెండు వాక్యాలు చదివి, ఒక మాట మనదిగా చెప్పాలి. కథలో ఓడ వస్తే "మన రేవులో పుట్టి ఉంది చూడు, దానికన్నా వంద రెట్లు పెద్దది" అంటే చాలు, పిల్లవాడి కళ్ళ ముందు ఓడ నిలబడుతుంది. పుస్తకంలో లేని మాట కలిపితే తప్పేమో అని మొహమాటపడే వాళ్ళున్నారు. మన పెద్దలు వందల ఏళ్ళు అలా కలిపే చదివారు.

నోటికి, చెవికి రాసిన పుస్తకం

ఇంకో సంగతి చెప్పాలి. అది సాక్షాత్తూ మన జిల్లాదే. తెలుగులో తొలి రామాయణాల్లో ఒకటైన రంగనాథ రామాయణం రాసింది గోన బుద్ధారెడ్డి. పదమూడో శతాబ్దం నాటి మాట. ఆ గోన వంశం వారు కాకతీయులకు సామంతులు. వాళ్ళు ఏలిన వర్ధమానపురమే ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమాన్. మనం బస్సులో దాటిపోయే ఊరే.

బుద్ధారెడ్డి తన రామాయణాన్ని ద్విపదలో రాశాడు. ద్విపద అంటే రెండేసి పాదాల ఛందస్సు. ఒక్కో పాదంలో మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. ఈ లెక్క మనకు అక్కరలేదు కానీ, దాని ఫలితం మాత్రం కావాలి. ఒక్క ఊపిరికి ఒక పాదం సరిపోతుంది. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావడం వల్ల చెవికి పట్టు దొరుకుతుంది. పెద్ద సంస్కృత సమాసాలు తక్కువ. రోకటి పాటలా, నడకలా సాగిపోతుంది. అంతకుముందే పాల్కురికి సోమనాథుడు బసవ పురాణాన్ని ద్విపదలోనే రాశాడు. పండితుల కోసం కాకుండా జనం కోసం రాయాలనుకున్నవాళ్ళు ఈ దారి పట్టారు. ఆ తర్వాత తోలుబొమ్మలాట వాళ్ళు రంగనాథ రామాయణాన్ని తెర వెనక పాడుకున్నారు. రాజు రాసిన కావ్యం దీపం వెలుగులో బొమ్మలాడించే వాళ్ళ నోట బతికింది.

వారధి కట్టేటప్పుడు ఉడుత చేసిన సాయం ఉంది కదా, పిల్లలందరికీ ఇష్టమైన ఆ ఘట్టం వాల్మీకిలో లేదు. రంగనాథ రామాయణంలో ఉంది. వినేవాళ్ళలో చిన్నవాళ్ళు కూడా ఉంటారని ఎరిగిన మనిషే అలాంటి ఘట్టానికి చోటిస్తాడు. అంత పెద్ద కథలో తనంత చిన్న ప్రాణి కనిపించగానే పిల్లవాడు లేచి కూర్చుంటాడు.

దీనికి ఎదురుగా ఇంకో పుస్తకం పెట్టి చూడండి. మా కొల్లాపురం సురభి రాజుల పూర్వీకుడు, జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయం’ అనే ప్రబంధం రాశాడు. గొప్ప కావ్యం. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాల్లో పండిత సభలు జరిగేవి, అలాంటి కావ్యాలకు అక్కడ పట్టం కట్టేవారు. కానీ ఆ శ్లేషలు విప్పడానికి పక్కన పండితుడు ఉండాల్సిందే. రెండూ మన నేల మీద పుట్టినవే. ఒకటి కంటికి, మేధకు రాసింది. ఒకటి చెవికి రాసింది.

పిల్లల పుస్తకం కొనేటప్పుడు కూడా ఈ తేడా చూడాలి. బొమ్మలు, కాగితం, ధర అన్నీ చూస్తాం. కొట్లోనే నిలబడి ఒక పేజీ పైకి చదివి చూడం. చదివితే తెలిసిపోతుంది, ఏ వాక్యం దగ్గర ఊపిరి చాలడం లేదో, ఏ మాట నోరు తిరగడం లేదో. మనకే నోరు తిరగని పుస్తకాన్ని పిల్లలు వినలేదని వాళ్ళను అనడం న్యాయం కాదు. ఇంగ్లీషు నుంచి తెచ్చిన పుస్తకాల్లో ఈ తంటా ఎక్కువ. అలాంటప్పుడు నేను వాక్యాన్ని రెండుగా విరిచి చదువుతాను. పుస్తకం ఏమీ అనుకోదు.

‘ఊ’ కొట్టేవాడు ఉంటేనే కథ

మన దగ్గర కథ చెప్పేవాళ్ళు ముందే ఒక షరతు పెడతారు. ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. చిన్నప్పుడు ఇది కేవలం మనం నిద్రపోయామో లేదో తెలుసుకునే ఉపాయం అనుకున్నాం. అంతకన్నా ఎక్కువే ఉంది అందులో. ఊ కొట్టే పిల్లవాడు కథలో సగం పని చేస్తున్నాడు. తన గొంతు లేకపోతే కథ నడవదు. అంత పెద్ద బాధ్యత అప్పగిస్తే ఎందుకు లేచిపోతాడు?

జానపద కళలన్నిటిలోనూ ఈ ఏర్పాటు ఉంది. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. తానతందాన అని పలుకుతారు, మధ్యలో ప్రశ్నలు వేస్తారు, నవ్విస్తారు. మనకు రాబోయే సందేహాన్ని మనకన్నా ముందు వాళ్ళే అడుగుతారు. మన నాగర్‌కర్నూల్ జిల్లా వారే అయిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ పాడి పేరు తెచ్చుకున్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాట విన్నవాళ్ళకు తెలుసు, గొంతు ఆగిన చోట కిన్నెర పలుకుతుంది. మనిషికి వాద్యమే ఊ కొడుతున్నట్టు ఉంటుంది. ఉన్నవాళ్ళ దగ్గర దోచి లేనివాళ్ళకు పంచిన పండుగ సాయన్న ఈ సీమలో బతికింది పుస్తకాల్లో కాదు, ఈ గొంతుల్లో.

ఇంట్లో మాకు కిన్నెర లేదు, చెంచా గిన్నె ఉన్నాయి. కథలో గుర్రం వచ్చినప్పుడల్లా గిన్నె మీద టకటక కొట్టే పని చిన్నదానిది. తలుపు తెరుచుకునే చప్పుడు పెద్దోడిది. రాక్షసుడి నవ్వు కోసం ఇద్దరూ కొట్టుకుంటారు కాబట్టి వంతులు వేశాం. తన వంతు ఎప్పుడొస్తుందో అని చెవులు నిక్కబొడుచుకుని వింటారు. "కదలకుండా కూర్చుని విను" అని చెప్పడం మానేశాక వినడం మొదలైంది. ఆరేళ్ళ పిల్లకు కదలకుండా కూర్చోవడమే ఒక పెద్ద పని. ఆ పనిలోనే ఓపికంతా అయిపోతే కథకు ఏం మిగులుతుంది?

ఆపే చోటు తెలిసినవాడే చదివేవాడు

కాశీ మజిలీ కథలు పేరు వినని తెలుగిల్లు లేదు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ఆ కథల ఏర్పాటు చూడండి. మణిసిద్ధుడు కాశీకి కాలినడకన బయలుదేరుతాడు. తోడు కావాలి. పశువులు కాసే గోపుడు అనే కుర్రవాడు ఒక షరతు మీద వస్తానంటాడు. మజిలీ మజిలీకీ కథ చెప్పాలి. దిగిన ప్రతి చోటా గోపుడు ఊరు తిరిగి ఒక వింత చూసి వస్తాడు. దాని సంగతి చెప్పమంటాడు. కథ అక్కణ్ణుంచి మొదలవుతుంది.

అంటే కథ ఎవరి ప్రశ్న నుంచి పుట్టింది? వినేవాడి ప్రశ్న నుంచి. పెద్దవాడు తనకు తోచింది చెప్పడం లేదు, పిల్లవాడు చూసి వచ్చినదానికి జవాబు చెబుతున్నాడు. పైగా మజిలీ రాగానే కథ ఆగుతుంది. తర్వాత ఏమైందో తెలియాలంటే రేపు మళ్ళీ నడవాలి. అలిసిపోయిన కుర్రవాడిని కాశీ దాకా నడిపించింది ఆ ‘రేపు’.

ఈ కిటుకును మన అమ్మల తరానికి నెలనెలా ఇంటికి తెచ్చిచ్చింది చందమామ. 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదకత్వం చూశారు. చిన్న వాక్యాలు, కష్టం లేని మాటలు. పైకి చదవడానికి అంత హాయిగా ఉండే తెలుగు వచనం తక్కువ. ఇంటికి ఒకే ప్రతి వచ్చేది, పిల్లలు నలుగురో ఐదుగురో ఉండేవారు. అందరూ ఒకేసారి చదవాలంటే ఒకరు పైకి చదవడమే దారి. మిగతావాళ్ళు భుజాల మీద నుంచి బొమ్మలు చూసేవారు.

అందులో విక్రమార్కుడు, బేతాళుడు గుర్తున్నారు కదా. శంకర్ గీసిన ఆ బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, మనలో ఎవరూ మరచిపోలేరు. కథ అంతా చెప్పి బేతాళుడు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. అక్కడ చదివేవాళ్ళు ఆగాలి. పేజీ మీద వెంటనే జవాబు ఉంటుంది, కానీ అది చదవకూడదు. "నువ్వైతే ఏం చెబుతావు?" అని అడగాలి. మా ఇంట్లో ఒకసారి రాజు చెప్పిన జవాబు తప్పని పెద్దోడు పట్టుబట్టాడు. అరగంట వాదన నడిచింది. వాళ్ళ నాన్న రాజు పక్షం, చిన్నది అన్న పక్షం. ఆ రోజు చదివింది ఒక్క కథే. అయినా అంతకన్నా మంచి రోజు లేదు.

దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’ 1954లో ధారావాహికగా మొదలైంది. నెలకో ముక్క. ఆపే చోటు చూసి ఆపేవారు. మనం మాత్రం అధ్యాయం పూర్తయ్యేదాకా చదివి పుస్తకం మూస్తాం. అధ్యాయం చివర సమస్య తీరిపోతుంది, పిల్లవాడికి రేపటితో పని ఉండదు. ఒక పేజీ ముందే ఆపి చూడండి. మరుసటి రోజు పుస్తకం వాళ్ళే తెస్తారు.

చేతులు పనిలో, చెవులు కథలో

మన దగ్గరి నుంచి చాలా దూరం పోయి ఒక సంగతి చెబుతాను. క్యూబా దేశంలోని హవానాలో చుట్టల ఫ్యాక్టరీలు ఉండేవి. 1865లో ఎల్ ఫిగారో అనే ఫ్యాక్టరీలో కార్మికులు ఒక పద్ధతి మొదలుపెట్టారు. అందరూ చుట్టలు చుడుతుంటే, ఒక మనిషి ఎత్తైన చోట కూర్చుని వార్తాపత్రికలు, నవలలు పైకి చదివేవాడు. అతని జీతం కార్మికులే తమ కూలిలోంచి చందా వేసి ఇచ్చేవారు. ఏ నవల చదవాలో కూడా వాళ్ళే ఓటు వేసుకునేవారు. చదువు రాని కూలీలు పెద్ద పెద్ద నవలలను ఇలా విన్నారు. వాళ్ళకు ఆలోచనలు ఎక్కువవుతున్నాయని అక్కడి ప్రభుత్వం కొన్నాళ్ళు నిషేధించింది కూడా.

ఇందులో మన ఇళ్ళకు రెండు సంగతులున్నాయి. ఒకటి, చేతులకు పని ఉంటే చెవులు బాగా వింటాయి. మనకిది కొత్తా? తిరగలి తిప్పుతూ, దంచుతూ, నాట్లు వేస్తూ మన ఆడవాళ్ళు ఎన్ని గంటల పాటలు పాడుకోలేదు! ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు లాంటి పెద్ద పెద్ద స్త్రీల పాటలు ఆడవాళ్ళ నోటనే తరం నుంచి తరానికి వచ్చాయి. మగవాళ్ళ రామాయణంలో నాలుగు మాటలైనా దొరకని ఊర్మిళకు ఆడవాళ్ళ రామాయణంలో పాటంత చోటు దొరికింది. మా సీమలో పల్లీలు బాగా పండుతాయి. సీజన్‌లో గంప ముందు పెట్టుకుని పిల్లలు పల్లీలు ఒలుస్తుంటే నేను చదువుతాను. ఒలిచినవి కొన్ని గిన్నెలోకి, ఎక్కువ నోట్లోకి పోతాయి. పోనివ్వండి. పల్లీలు లేని రోజుల్లో కాగితం, రంగులు ఇస్తాను. వింటూ గీసుకుంటారు.

రెండోది, ఏం చదవాలో వినేవాళ్ళే తేల్చుకోవడం. మనకు నీతి కథ చదవాలని ఉంటుంది, వాళ్ళకు దయ్యం కథ కావాలి. వారంలో ఆరు రోజులు వాళ్ళ మాట, ఒక రోజు మన మాట అని పెట్టుకుంటే ఇంట్లో గొడవ ఉండదు.

పుస్తకం మన దగ్గరికి నడిచొచ్చిన రోజులు

పుస్తకం ఇంత తేలిగ్గా చేతికి రావడం వెనక చాలామంది శ్రమ ఉంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పుస్తకానికి ఒక నీడ దొరికింది. అదే 1901లో భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించింది. ఆమె బడికి పోయి చదువుకున్నది కాదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర కూర్చుని నేర్చుకున్నది. పక్కన ఒకరు కూర్చుని చదివితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మన గద్వాల సీమలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. చదువు వచ్చిన ఒక్కరు చదివితే పదిమంది వినే రోజులవి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆ తర్వాత రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, మామూలు జనం తిండి, బట్ట, ఆటలు, వినోదాల మీద ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. 1955లో తెలుగుకు వచ్చిన తొలి సాహిత్య అకాడమీ బహుమతి దానికే.

మా కృష్ణమ్మ కింది వైపున ఇంకో ముచ్చట జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఆ రోజుల్లో ఊరి నుంచి ఊరికి పడవ ప్రయాణమే. గంటల తరబడి ఊరికే కూర్చునే జనానికి పుస్తకం అందించారు. మనుషులకు ఎక్కడ తీరిక దొరుకుతుందో కనిపెట్టి అక్కడికే పుస్తకాన్ని తీసుకుపోయారు. మనం కూడా అంతే చెయ్యొచ్చు. రాత్రి తొమ్మిదింటికి నిద్ర కళ్ళతో ఉన్న పిల్లలకే చదవాలని ఏముంది? కొల్లాపురం పోయే బస్సులో, ఆసుపత్రిలో వంతు కోసం కూర్చున్నప్పుడు, అన్నం ఉడికే ఇరవై నిమిషాల్లో చదవొచ్చు. నా సంచీలో పర్సు పక్కన ఒక పలుచని పుస్తకం ఎప్పుడూ ఉంటుంది.

పిల్లలు ఎవరికి చదవాలి

మా అత్తమ్మకు చదువు రాదు. ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు నీళ్ళలో ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నిండినప్పుడు, 1981 ప్రాంతాల్లో, కృష్ణ తుంగభద్రల ఒడ్డున ఇటు పాలమూరు, అటు కర్నూలు జిల్లాల్లో దాదాపు వంద ఊళ్ళు మునిగాయి. సోమశిల సోమేశ్వరుడి గుళ్ళను రాయి రాయి విప్పి, తెచ్చి, పైన మళ్ళీ కట్టారు. శివరాత్రికి, కార్తీకానికి వచ్చేవాళ్ళు చూసేది అలా నిలబెట్టిన గుళ్ళనే. అవతల సంగమేశ్వరం గుడి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎండాకాలంలో నీరు తగ్గితే బయటపడుతుంది, వానలొస్తే మళ్ళీ మునుగుతుంది.

గుళ్ళను తరలించడానికి ప్రభుత్వ శాఖలు ఉన్నాయి. వీధులు, బావులు, చింతచెట్లు, ఏ అరుగు మీద ఎవరు పురాణం చదివేవారో ఆ గుర్తులు తరలించడానికి ఎవరూ లేరు. అవి మా అత్తమ్మ నోట్లో ఉన్నాయి. ఆమె పొద్దున్నే జొన్నరొట్టెలు చేస్తూ చెప్పేవి నా పిల్లలకు సగం అర్థం కావు. బడిలో ఇంగ్లీషు, ఫోన్లో హిందీ కార్టూన్లు, మధ్యలో ఈ తెలుగు.

కిందటేడు పెద్దోడికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చింది. నేను చదవడం తగ్గించి, "నాయనమ్మకు చదివి వినిపించు, ఆమెకు కళ్ళు కనిపించవు" అన్నాను. మొదట ఉడుత కథ ఉన్న బొమ్మల రామాయణం చదివాడు. అత్తమ్మ ఊ కొట్టింది. ఒక చోట ఆపి "గట్లెట్ల అంటడు రాముడు? మా ఊర్ల బొమ్మలాటోళ్ళు ఇట్ల చెప్పెటోళ్ళు" అని తన పాఠం చెప్పింది. వాడు పుస్తకం చూశాడు, నాయనమ్మను చూశాడు. "నాయనమ్మా, మీ ఊర్ల బొమ్మలాట యాడ ఆడేటోళ్ళు?" అని అడిగాడు. ఊరు నడిబొడ్డున చింతచెట్టు కింద అంది. ఆ చెట్టు ఇప్పుడెక్కడుందంటే రేవు వైపు చెయ్యి చూపించింది.

ఆ తర్వాత వాడు పుస్తకం తెచ్చుకుని ఆమె దగ్గరికి పోవడం అలవాటైంది. రెండు పేజీలు చదువుతాడు, ఆమె నాలుగు పేజీలంత చెబుతుంది. చెప్పినదాంట్లో ఊరి పేర్లు, మనుషుల పేర్లు వాడు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. అక్షరాల్లో తప్పులుంటాయి. నేను దిద్దను.

పిల్లలకు పైకి చదివి వినిపించడం వాళ్ళ చదువుకు పునాది అని 1985లో అమెరికాలో ఒక పెద్ద సంఘం నివేదిక చెప్పింది. మంచిదే. మా ఇంట్లో నేను చూసింది ఇంకొకటి. తన గొంతు కోసం ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిసిన పిల్లవాడికి ఎవరూ ఓపిక నేర్పక్కర్లేదు. మీ ఇంట్లో కూడా చదువు రాని అమ్మమ్మో, కళ్ళు కనపడని తాతయ్యో, ఇంకా అక్షరాలు రాని చెల్లెలో ఉండే ఉంటారు. మీ పెద్దపిల్ల చేతికి పుస్తకం ఇచ్చి వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. మీరు వంటింట్లోంచి ఊ కొట్టండి.